నీళ్లు కలిసిన సారా

నర్సవ్వ సూరత్‌కు వచ్చింది పది రోజులు ఉండి పోదామని. కోడలు వినోదకు కడుపులో గడ్డ తీశారు. ఆమె లేచి తిరిగేదాకా ఇంత వండిపెట్టే మనిషి కావాలని కొడుకు పరుశురాం ఫోన్ చేస్తే, కోరుట్ల పక్కనున్న తన ఊరి నుంచి చిన్న మూట కట్టుకొని, తోడు దొరికినవాళ్లతో కలిసి మార్చి రెండో వారంలో వచ్చి దిగింది. పది రోజులు కాగానే పోతానంది. "ఈ ఆదివారం దాటినంక పోదువు తియ్యి అవ్వా" అని కొడుకు ఆపాడు. ఆ ఆదివారమే జనతా కర్ఫ్యూ. మరో మూడు రోజులకు దేశం మొత్తానికి తాళం పడింది.

పరుశురాం ఇల్లు నవాగామ్‌లో. కింద ఓనరు, పైన రెండు అర్రల్లో వీళ్లు, ఇంకా పైన డాబా. గోడకు ఆనించిన ఇనుప మెట్లే దారి. అతను పద్దెనిమిదేళ్లుగా సాంచాల మీద పని చేస్తున్నాడు. పన్నెండు గంటలు ఆ కరెంటు మగ్గాల చప్పుడులో నిలబడి వచ్చి, సాయంత్రం ఓ పొట్లం సారా తాగి పడుకోవడం అతని అలవాటు. గుజరాత్‌లో మందు బందు. అయినా వెనక గల్లీలో కాంతామాసి ఇంట్లో ఎప్పుడూ దొరికేది. ప్లాస్టిక్ సంచుల్లో కట్టి అమ్మే ఆ సారాను అక్కడ పొట్లీ అంటారు. తల్లి వచ్చిన నాటి నుంచి పరుశురాం రెండు పొట్లీలు తెచ్చేవాడు. నర్సవ్వకు నలభై ఏళ్లుగా కల్లు లేనిదే పొద్దు గడవదు. ఊళ్లో కల్లు డిపో నుంచి పూటకో సీసా ఇంటికే వచ్చేది. ఇక్కడ కల్లు లేదు కాబట్టి సారాతో సరిపెట్టుకుంది.

లాక్‌డౌన్ పడ్డాక సాంచాలు ఆగిపోయాయి. గల్లీ మలుపులో పోలీసులు కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. రెండు రోజులు ఎలాగో గడిచాయి. మూడో రోజు నర్సవ్వ చేతులు వణకడం మొదలుపెట్టాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికాయి. గోడ మీద లేని చీమలను దులిపింది. ఆరేళ్ల కింద చనిపోయిన మొగుణ్ని పేరు పెట్టి, "ఆగయ్య వచ్చిండు, తలుపు తియ్యిరి" అని అరిచింది. చెమటతో జాకెట్టు తడిసి ముద్దయింది.

పరుశురాం చెప్పులేసుకొని బయటికి పోయాడు. పావుగంటలో తొడ మీద లాఠీ దెబ్బ పట్టుకొని తిరిగొచ్చాడు.

"పోనిస్తలేరు. మొగోడు కనవడ్తె చాలు, గుద్దుతుండ్రు."

మూలన కూర్చొని చూస్తున్న కూతురు సంగీత లేచింది. ఆమెకు అప్పుడు పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. తెలుగు బడిలో ఏడో తరగతి. "నేను పోత బాపూ. పాల డబ్బ పట్టుకొని పోత. నన్నెవ్వలు ఏమనరు."

మంచంలోంచి వినోద తల ఎత్తింది. కుట్లు నొప్పి పెడుతుంటే కడుపు పట్టుకొని, "ఆడిపిల్లను గా పనికి తోలుతవా? వద్దు" అంది.

"ఒక్కసారే. అవ్వను సూడు ఎట్లున్నదో. సచ్చేటట్టున్నది" అన్నాడు పరుశురాం.

సంగీత చున్నీ మూతికి కట్టుకొని, స్టీలు డబ్బా ఊపుకుంటూ పోయింది. పోలీసు "జల్దీ ఘర్ జానా బేటీ" అన్నాడట. డబ్బా అడుగున రెండు పొట్లీలతో పది నిమిషాల్లో తిరిగొచ్చింది. నర్సవ్వ తాగింది. గంటలో వణుకు ఆగింది. మనవరాలి తల నిమిరి, "నా బంగారం, నా పానం నిలవెట్టినవు" అంది. సంగీత నవ్వింది. ఇంట్లో అంత పెద్ద పని తను చేసినందుకు ఆ పిల్లకు గొప్పగానే అనిపించింది.

ఆ ఒక్కసారి రోజూ అయింది. ఎవరూ కూర్చొని నిర్ణయించలేదు. తెల్లారితే నర్సవ్వ చేతులు వణికేవి, సంగీత డబ్బా తీసేది. పరుశురాం కూడా పని లేక, ఊరికే కూర్చోలేక, పొద్దున్నుంచే తాగసాగాడు. పక్కింటి రాజలింగం ఓ రోజు మెట్ల దగ్గర ఆపి, "బిడ్డా, నాకు గూడ ఓటి తెచ్చిపెట్టరాదు" అన్నాడు. తర్వాత ఇంకో ఇంటివాళ్లు. గల్లీలో అందరికీ సంగీత డబ్బా తెలుసు. పోలీసులకు తప్ప.

ఏప్రిల్‌లో సంగీతకు దవడ పన్ను నొప్పి లేచింది. చెంప వాచి, రెండు రోజులు అన్నం తినలేదు. పళ్ల డాక్టర్ల క్లినిక్‌లన్నీ మూసి ఉన్నాయి. లవంగం పెడితే ఆగలేదు. మధ్యాహ్నం పిల్ల ఏడుస్తూ బొర్లుతుంటే నర్సవ్వ దూదిని సారాలో ముంచి పన్ను మీద పెట్టింది. "కొరికి పట్టు. గుంజుకుంటది." కాసేపటికి నొప్పి తగ్గింది కానీ నిద్ర రాలేదు. అప్పుడు చెంచా నిండా పోసి, "మింగు బిడ్డా. కమ్మగ నిద్ర వడ్తది" అంది.

సంగీత మొహం చిట్లించి మింగింది. దగ్గింది. తర్వాత నిజంగానే సాయంత్రం దాకా పడుకుంది.

నర్సవ్వకు అందులో తప్పేమీ కనిపించలేదు. పోచమ్మ పండుగకు దేవతకు పెట్టిన కల్లు పిల్లల నోట్లో చుక్క వేయకపోతే పండుగే కాదు. పరుశురాంకు మూడేళ్లప్పుడు జ్వరం వస్తే బుక్కెడు కల్లు ఆమే పోసింది. వాడు తూలుతూ నడిస్తే డిపో దగ్గర కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అందరూ అలాగే పెరిగారు. చెంప వాపు నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అప్పటిదాకా రోజుకో చెంచా పోసింది.

మే నెలలో కూలీల కోసం రైళ్లు వేశారు. గల్లీలో సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. సంగీతతో చదివే పిల్లలు దాదాపు అందరూ సిరిసిల్ల, జగిత్యాల వైపు వెళ్లిపోయారు. నర్సవ్వ కూడా పోతానంది. "ముసలిదానివి, గా గుంపుల రోగం అంటితే ఎవలు సూస్తరు?" అని కొడుకు పోనివ్వలేదు. వానలు మొదలయ్యేసరికి సాంచాలు మెల్లగా తిరగడం మొదలైంది. వినోద కూడా కోలుకొని సలాబత్‌పురాలో చీరలు మడత పెట్టే గోదాములో పనికి కుదిరింది. పొద్దున ఎనిమిదికి ఇద్దరూ పోతే మళ్లీ చీకటి పడే వేళకే రావడం.

ఇంట్లో ఒక్కటే ఫోన్. అది పరుశురాం దగ్గర ఉండేది. బడి వాళ్లు పంపే పాఠాలన్నీ ఆ ఫోన్‌కే వచ్చి పడేవి. అతను ఇంటికొచ్చేసరికి ఛార్జింగ్ ఉండేది కాదు, ఉంటే నెట్ అయిపోయేది. మొదట్లో సంగీత నోట్‌బుక్ పట్టుకొని తండ్రి కోసం ఎదురుచూసేది. తర్వాత మానేసింది.

పగలంతా ఆ రెండు అర్రల్లో బాపమ్మా మనవరాలే. పచ్చీస్ ఆడేవారు. నర్సవ్వ ఊరి ముచ్చట్లు చెప్పేది. సంగీత ఆమెకు గుజరాతీలో అంకెలు నేర్పింది. పదకొండుకు ఓసారి, నాలుగుకు ఓసారి నర్సవ్వ తాగేది. పొట్లీ మూతి కొరికి గ్లాసులో పోసి ఇచ్చేది సంగీతే. తాగాక నర్సవ్వ ఒరిగి గురక పెట్టేది. ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసేదో చూసేవాళ్లు లేరు.

ఆగస్టులో ఒకరోజు సారా చప్పగా తగిలింది. నర్సవ్వ కాంతామాసిని తిట్టింది. మరునాడూ అంతే. నాలుగో రోజు మరీ పలచగా ఉంది. గ్లాసు దించి మనవరాలి వైపు చూసింది. సంగీత కిటికీ దగ్గర నిలబడి సోంపు నములుతోంది. ఆ వారంలో ఆ పిల్ల ఎప్పుడు చూసినా సోంపు నములుతూనే ఉంది. కళ్ల కింద ఎరుపు, మాటలో ఏదో బద్ధకం. నలభై ఏళ్లు తాగిన మనిషికి ఇంకెవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

"బిడ్డా, గిండ్ల నీళ్లు ఎవలు కలుపుతుండ్రే?"

"మాసీనే. మిలావట్ చేస్తుందట. అందరూ గట్లనే అంటుండ్రు బాపమ్మా." సంగీత కళ్లు తిప్పకుండా చెప్పింది.

"ఔనా" అంది నర్సవ్వ. గ్లాసు ఎత్తి మిగిలింది తాగేసింది.

అంతకుమించి ఆమె ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కొడుకు వచ్చాక చెబుదామనుకుంది. అతను వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, తిన్నాడు. చెబితే ఏమవుతుందో నర్సవ్వకు తెలుసు. పిల్లను కొడతాడు. డబ్బా పట్టుకొని పోవడం బంద్ చేయిస్తాడు. రేపు పదకొండుకు ఆమె చేతులు వణుకుతాయి. ఇదంతా ఆమె మనసులో మాటల రూపంలో రాలేదు. "రేపు చెప్త తియ్యి" అని మాత్రమే అనుకుంది. ఆ రేపు ఎనిమిది నెలలు నడిచింది. పలచని సారా చాలక రోజుకు మూడో పొట్లీ కూడా తెమ్మంది.

చలికాలానికి సంగీత మారిపోయింది. ఏది అడిగినా కసిరేది. మధ్యాహ్నాలు పడుకునేది. వినోదకు అది ఎదుగుతున్న పిల్లల లక్షణంగా తోచింది. పరుశురాంకు ఏదీ తోచలేదు. వాళ్లిద్దరూ ఇంట్లో మెలకువగా ఉండేది రోజుకు మూడు గంటలు.

మరుసటి ఏడు ఏప్రిల్ వచ్చేసరికి రోగం మళ్లీ విరుచుకుపడింది. ఈసారి గల్లీలోనే అంబులెన్సులు తిరిగాయి. కార్ఖానాలో పాళీలు, అంటే షిఫ్టులు, తగ్గించారు, పరుశురాం సగం రోజులు ఇంట్లోనే ఉండేవాడు. బడి పరీక్షలు లేకుండానే అందరినీ పాస్ చేసింది. సంగీత ఎనిమిది దాటింది. వాళ్ల బడిలో తెలుగు అక్కడితో సరి.

ఓ రోజు అన్నం తింటూ పరుశురాం, "ఇగ సదువు సాలు. తొమ్మిదిల హిందీల చెప్తరు, నీకేమొస్తది? చీరెలకు స్టోన్లు అతికిచ్చే పనున్నది, ఇంట్లనే కూసొని చేస్కో" అన్నాడు.

సంగీత పళ్లెంలో చేయి ఆపింది. "నాకు హిందీ మంచిగనే వస్తది."

"మాట్లాడుడు వేరు, రాసుడు వేరు. ఏడాది సంది ఏం సదివినవ్ జర చెప్పు?"

సంగీత పళ్లెం పక్కకు జరిపి లేచింది. పరుశురాం మధ్యాహ్నం పాళీకి పోయాడు. నర్సవ్వ నడుం వాల్చింది.

ఆమెకు మెలకువ వచ్చింది దబదబమన్న చప్పుడుకు. ఇనుప మెట్ల మీద ఏదో బరువైంది దొర్లినట్టు వినపడింది. లేచి తలుపు దగ్గరికి వచ్చేసరికి సంగీత డాబా మెట్ల కింద అడ్డంగా పడి ఉంది. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. ఎడమ చేయి వంకరగా ఉంది. నోట్లోంచి, బట్టల మీంచి సారా వాసన గుప్పుమంటోంది. డాబా మీద మూడు ఖాళీ పొట్లీలు దొరికాయని తర్వాత చెప్పారు.

నర్సవ్వ అరిచిన అరుపుకు రాజలింగం పరుగెత్తుకొచ్చి ఆటో పిలిచాడు.

ప్రభుత్వ దవాఖానలో ఎటు చూసినా జ్వరం మనుషులే. దెబ్బలు తగిలినవాళ్లకు ఓ పక్కన వేరే వార్డు పెట్టారు. డాక్టరు నుదుటికి ఏడు కుట్లు వేశాడు, చేతికి కట్టు కట్టించాడు. పిల్లకు గ్లూకోజ్ పెడుతూ ముక్కు మీది మాస్కు సర్దుకొని, "ఈమె ఏం తాగింది?" అని హిందీలో అడిగాడు.

"ఏం లేదు సాబ్. ఎండకు కళ్లు తిరిగినయి" అన్నాడు పరుశురాం, పని వదిలేసి వచ్చినవాడు.

"దగ్గు మందు తాగింది. జర ఎక్కువైనట్టున్నది" అంది వినోద.

భార్యాభర్తలిద్దరూ చెరో అబద్ధం చెప్పి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో మందు ఉందంటే కేసు అవుతుందని వాళ్ల భయం. డాక్టరు రాసుకొని వెళ్లిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి, మెడలో కార్డు. పేరు ఇందుజ. మత్తు అలవాట్లలో పడ్డవాళ్లతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటం ఆమె ఉద్యోగం. తండ్రి రైల్వేలో పని చేస్తాడు, సొంతూరు రాజమండ్రి, పుట్టి పెరిగింది సూరత్‌లోనే. పరుశురాం ఆమెకూ ఎండ కథే చెప్పాడు. ఆమె తల ఊపి, ఎక్స్‌రే కాగితాలు తెచ్చుకొమ్మని భార్యాభర్తలను పంపించి, వరండాలో నేల మీద కూర్చున్న నర్సవ్వ పక్కన కాస్త దూరంగా తనూ కూర్చుంది.

"అమ్మమ్మా, నేను పోలీసుల దగ్గరికి వెళ్లను. పాపకి వైద్యం సరిగ్గా జరగాలంటే నిజం తెలియాలి. ఇంట్లో మందు ఎవరు తాగుతారు?"

నర్సవ్వ చేతులు కొంగు కింద వణుకుతున్నాయి. నిన్నటి నుంచి చుక్క లేదు. "నేను తాగుత. నా కొడుకు తాగుతడు."

"ఎవరు తెస్తారు?"

"గా పొల్లనే."

ఇందుజ పెన్ను తీసింది కానీ రాయలేదు. "పాప తాగుతోందని మీకు ఎప్పుడు తెలిసింది?"

"వానకాలంల."

"మొన్నటి వానల్లోనా?"

"ఔ. నీళ్లు కలుపుడు పట్టిన. తాగినంత తాగి, దాని జాగల నీళ్లు పోసి నాకిస్తుండె."

"మరి అమ్మానాన్నలకి ఎందుకు చెప్పలేదు?"

ఒక వార్డుబాయ్ ఆక్సిజన్ సిలిండర్ తోసుకుంటూ పోయాడు. ఆ చక్రాల చప్పుడు పోయేదాకా నర్సవ్వ ఆగి, "చెప్తే నాకు తెచ్చేటోళ్లుండరు గద బిడ్డా" అంది.

ఆ మాట బయటికి వచ్చాక నర్సవ్వే దాన్ని మొదటిసారి విన్నట్టు ఉలిక్కిపడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇందుజ తిట్టలేదు. ఊరుకోబెట్టలేదు కూడా. పాపకి మొదటి చుక్క ఎప్పుడు పడిందని అడిగింది. నర్సవ్వ పన్ను నొప్పి సంగతి చెప్పింది. మీ అబ్బాయికి ఎప్పుడు పడిందని అడిగితే మూడేళ్ల జ్వరం సంగతీ చెప్పింది.

"గది తాగుడంటరా బిడ్డా? అందరం గట్లనే పెరిగినం."

"పెరిగారు అమ్మమ్మా. పెరిగి ఎంతమంది తాగకుండా ఉన్నారు?"

నర్సవ్వ మనసులో లెక్క వేసింది. తన అన్నదమ్ములు, ఆగయ్య, ఆగయ్య తమ్ముళ్లు, పెద్ద కొడుకు, పరుశురాం. చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు.

"ఈ వయసులో మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది" అంది ఇందుజ. "పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్ల కంటే, పదమూడేళ్లకు మొదలుపెట్టిన పిల్లల్ని ఇది గట్టిగా పట్టుకుంటుంది. మీరు పోసిన చెంచా ఒక్కటే కారణం అనను. ఇంట్లో చెయ్యి చాపితే మందు. తెచ్చేది తనే. బడి లేదు, స్నేహితులు లేరు. పగలంతా అడిగే మనిషి లేడు. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా ఇంత దూరం వచ్చేది కాదేమో."

ఎక్స్‌రే తీసుకొని వచ్చిన పరుశురాం చివరి మాటలు విన్నాడు. మొహం నల్లబడింది. "అవ్వా, ఏం చెప్పినవ్?"

"ఉన్నది చెప్పిన."

"నీకు ముందుగాలనే ఎర్కనా? ఎర్కుండి ఇంట్ల ఉన్నోనికి చెప్పకపోతివా? పొల్ల సచ్చిపోయేది గదనే!"

అతను ఇంకా ఏదో అనబోతే వినోద అడ్డం వచ్చింది. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె పదిమందిలో గొంతెత్తడం అదే మొదలు. "అత్తను అంటవేంది? మొదలు తోలిందెవలు? నేను మంచంల ఉండి వద్దన్న. ఒక్కసారే అన్నవ్. నీక్కూడ అదే తెచ్చిపెట్టింది. తాగుకుంట ఎన్నడన్న అడిగినవా, బిడ్డ ఏం చేస్తున్నదని? నేను అడిగిన్నా? నేనూ అడగలే." ఆమె ఏడవలేదు. ఎక్స్‌రే కవరు భర్త చేతిలోంచి లాక్కొని లోపలికి పోయింది.

నర్సవ్వ సాయంత్రం మనవరాలి మంచం దగ్గర కూర్చుంది. సంగీత గోడ వైపు తిరిగి పడుకుంది.

"నువ్వు చెప్పినవ్ గదా."

"చెప్పిన."

"నాకు నీళ్ల సంగతి నీకు పట్టువడ్డదని ఎర్కే. గప్పుడెందుకు అనలే?"

ఇందుజకు చెప్పిన జవాబే ఇక్కడా చెప్పాలి. ఇక్కడ ఇంకా కష్టమైంది. "నాకు మందు బందైతదని అనలే" అంది నర్సవ్వ.

సంగీత ఇటు తిరిగింది. కట్టు కింద ఒక కన్ను సగం మూసుకుపోయి ఉంది. "నువ్వన్నా ఒక్క మాటంటవని సూసిన. నాలుగు దినాలు నీళ్లు ఎక్కువ పోసిన. నువ్వు తాగి పండుకుంటవు. ఫోన్ లేదు. దోస్తులందరు పోయిరి. బోర్ అయితది బాపమ్మా, బహుత్ బోర్. గది తాగితే పొద్దు పోతది."

నర్సవ్వ పిల్ల కాలి మీద చేయి వేసింది. సంగీత కాలు లాగేసుకోలేదు.

తర్వాత జరిగింది ఒక్కరోజులో జరగలేదు. నర్సవ్వ ఆ దినమే మానేస్తానంటే ఇందుజ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల అలవాటును ఒక్కసారిగా తెంపితే ప్రాణానికే ముప్పు అని డాక్టరుకు చూపించి మాత్రలు రాయించింది. మొదటి పదిహేను రోజులు నర్సవ్వ తిన్నది కక్కింది, రాని మనుషులను పిలిచింది. చేతికి కట్టుతోనే సంగీత పక్కన కూర్చొని మాత్ర చేతిలో పెట్టేది. ఏ మాత్ర ఎప్పుడో కాగితం మీద రాసి గోడకు అతికించింది. నెల తిరిగేసరికి నర్సవ్వ గ్లాసు ఒలకకుండా పట్టుకోగలిగింది.

పరుశురాం పూర్తిగా మానలేదు. ఇంట్లోకి తేవడం మానాడు. ఆదివారం బయట తాగి వచ్చేవాడు. వినోద ఆ రోజు అతనితో మాట్లాడేది కాదు. పిల్లను ఏ పనికీ వెనక గల్లీకి పంపొద్దని గట్టిగా చెప్పింది. రాజలింగం మెట్ల దగ్గర మళ్లీ పిలవబోతే, "కాళ్లున్నయి గదా అన్నా, నువ్వే పో" అంది. అతను సిగ్గుపడి వెళ్లిపోయాడు. ఒక పాత ఫోన్ పిల్ల కోసం కొన్నారు.

జూలై చివర్లో పెద్ద తరగతులు తెరిచారు. ఇందుజ చెప్పిన హిందీ మీడియం బడిలో సంగీతను తొమ్మిదిలో చేర్చారు. మొదటి పరీక్షలో రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ పిల్ల ఏడ్చింది, మానేస్తానంది, మళ్లీ పోయింది. పదిహేను రోజులకోసారి ఇందుజ దగ్గరికి పోయి గంట కూర్చొని వచ్చేది. అక్కడ ఏం మాట్లాడుకునేవారో ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగొద్దని ఇందుజ చెప్పింది.

రైళ్లు మామూలయ్యాక పరుశురాం, "ఊరికి పోతవా అవ్వా?" అని అడిగాడు.

"ఆడ మనింటి ముంగటనే డిపో" అంది నర్సవ్వ. "పోతే ఆగను. దాని పదో తరగతి అయ్యేదాక ఈడనే ఉంట."

బతుకమ్మ పండుగకు గల్లీ ఆడవాళ్లంతా ఓ చోట చేరారు. పోయినవాళ్లు చాలామంది తిరిగొచ్చారు. సంగీత పాత దోస్తులతో కలిసి ఎవరింటికో వెళ్లి, పొద్దు గూకే వేళకు తిరిగొచ్చింది. చెప్పులు విప్పుతూ గోడ పట్టుకుంది. నర్సవ్వ దగ్గరికి పోయి మొహంలో మొహం పెట్టింది. వాసన కొద్దిగానే ఉంది. కొద్దిగైనా వాసన వాసనే.

"బాపమ్మా, గింతే తాగిన. ఒక్క బుక్క. అందరు తాగిండ్రు. చెప్పకు."

నర్సవ్వ పిల్ల మొహం చూసింది. ఏ రేపటికీ ఆగలేదు. లోపల కూరగాయలు కోస్తున్న వినోదను, టీ తాగుతున్న పరుశురాంను పిలిచి, సంగీత ముందే చెప్పింది. "ఇయ్యాల తాగింది. ఒక్క బుక్క అంటున్నది. కొట్టకుండ్రి. రేపు ఇందుజమ్మకు ఫోన్ చెయ్యుండ్రి."

పరుశురాం చేయి లేచింది, కానీ ఆగింది. టీ గ్లాసు కింద పెట్టి బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ ఆదివారం అతను తాగలేదు. తర్వాతి ఆదివారం తాగాడు.

సంగీత బాపమ్మతో మాట్లాడటం మానేసింది. అన్నం వడ్డిస్తే తినేది, పిలిస్తే పలికేది కాదు. బడి నుంచి వచ్చి పుస్తకం అడ్డం పెట్టుకొని కూర్చునేది. నర్సవ్వ బతిమాలలేదు. రెండు పూటలా వండింది, వేసుకోవలసిన మాత్రలు వేసుకుంది. మాటల్లేని ఇంట్లో పగలు చాలా పొడుగ్గా ఉండేవి. అలాంటి పగళ్లలో తాగాలనిపించేది. వేళ్లు నోట్లో పెట్టుకొని కొరుక్కునేది. తొమ్మిది రోజులు అలా గడిచాయి.

పదో రోజు సాయంత్రం సంగీత కొబ్బరినూనె సీసా, దువ్వెన తెచ్చి నర్సవ్వ ముందు పెట్టి, వీపు తిప్పి కూర్చుంది. నర్సవ్వ జడ విప్పింది. చిక్కులు బాగా పడ్డాయి. కింది నుంచి ఒక్కో పాయ తీస్తూ దువ్వసాగింది.

సగం చిక్కులు విడిపోయాక సంగీత, "రేపు ఇందుజక్క కాడికి నువ్వు గూడ రా" అంది.

"నేనెందుకు?"

"బతుకమ్మ దినం సంగతి అడుగుతది. నాకు చెప్పరాదు. నువ్వు మొదలువెట్టు, నేను చెప్త."

"వస్త" అంది నర్సవ్వ. "జర తల వంచు. ఈడ ముడివడ్డది."